సారీకి సరైన తెలుగు ‘అయ్యో’

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా క్లయింట్లు ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ ఉంటారు. మొన్న ఒక క్లయింటు తన తల్లి చనిపోయారని, రెండు వారాలు సెలవులో ఉంటానని మెయిల్ పెట్టాడు. ‘ఐ యామ్ సారీ’ అని జవాబు రాశాను. పక్కనే ఉన్న మా నాన్నగారు అది చూసి, ‘ఆవిడ పోతే నువ్వు సారీ చెప్పడమేమిటి? నువ్వేం చేశావని?’ అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇంకోవైపు మా టీమ్ లీడ్ ఏమో నా మెయిళ్ళలో సారీలు మరీ ఎక్కువయ్యాయని, ఉన్నవాటిలో కొన్ని తప్పుల తడకలని అంటున్నారు. ‘సారీ ఫర్ లేట్’ అని రాస్తే ఎర్రగీత పెట్టారు. అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దీని అర్థమేమిటి, ఎక్కడెలా వాడాలి? సారీ పెద్దదా, అపాలజీ పెద్దదా? సెలవు నుంచి తిరిగొచ్చాక ఆ క్లయింటుకు ఏం రాయాలో కూడా చెప్పండి. – ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. తెలుగులో మనం వాడే సారీ వరకూ చూస్తే ఆయన మాటే నిజం, తప్పు చేసినవాళ్ళే సారీ చెప్పాలి. అలాగని మీరు రాసిందీ తప్పు కాదు. ఇంగ్లిష్‌లో ఆ మాటకున్న అర్థం వేరు, మన ఇంటికొచ్చాక మనం దానికి ఇచ్చుకున్న అర్థం వేరు. మీ ఇద్దరి మధ్యా చిక్కు పడింది అక్కడే. మీ టీమ్ లీడ్ గీసిన ఎర్రగీతకు మూలం కూడా దాదాపు అక్కడే ఉంది. అందుకే ముందు మాట పుట్టుక చూద్దాం.

పాత ఇంగ్లిష్‌లో ఈ మాట ‘సారిగ్’. ‘సార్’ అనే పదానికి ‘ఇగ్’ అనే ప్రత్యయం చేరి ఏర్పడింది. ఆ సార్ అంటే నొప్పి, గాయం. మనం మాస్టారిని పిలిచే సార్‌తో దానికి చుట్టరికమేమీ లేదు. గొంతు నొప్పిని ‘సోర్ త్రోట్’ అంటారు చూడండి, ఆ సోర్ ఈ సార్ నుంచి వచ్చిందే. పాత ఇంగ్లిష్‌లో పొడుగ్గా పలికే ‘ఆ’ తర్వాతి కాలంలో ‘ఓ’ అయింది. స్టాన్ స్టోన్ అయింది, బాన్ బోన్ అయింది, హామ్ హోమ్ అయింది, అదే దారిలో సార్ సోర్ అయింది. ‘ఇగ్’ అరిగిపోయి చివర ‘ఈ’గా మిగిలింది. విండ్ నుంచి విండీ, హెల్త్ నుంచి హెల్దీ వచ్చినట్టు, నొప్పి నుంచి ‘నొప్పితో నిండిన’ అనే విశేషణం వచ్చింది. అదే సారీ.

‘సారో’ అంటే దుఃఖం కదా, సారీ దాని నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. సారో మూలం ‘సోర్గ్’ అనే వేరే మాట. జర్మన్‌లో చింతను, దిగులును ‘జోర్గె’ అంటారు, అది సారోకు తోబుట్టువు. అయితే అర్థాలూ ధ్వనులూ దగ్గరగా ఉండడంతో, వందల ఏళ్ళు పక్కపక్కనే బతికిన ఈ రెండు మాటల్లో ఒకదాని పోలిక ఇంకోదానికి అంటింది. సారీలో అచ్చు పొట్టిది కావడానికి సారో ప్రభావం కూడా ఒక కారణం. సారీకి జర్మన్‌లో అసలైన చుట్టం ‘జేర్’. ఇప్పుడు దానికి ‘చాలా’ అని అర్థం, ఒకప్పుడు ‘నొప్పి పుట్టేంతగా’ అని. మనం ‘చచ్చేంత ఇష్టం’ అన్నప్పుడు చావు మాట మరిచిపోయినట్టే, వాళ్ళూ నొప్పి మాట మరిచిపోయారు.

ఉచ్చారణ సంగతి ఒక్క మాటలో. డాక్టర్, కాఫీ, హాస్పిటల్‌లో ఉన్నది కూడా ఇంగ్లండ్ వాళ్ళ పొట్టి ‘ఒ’ లాంటి ధ్వనే. మన చెవికి అది ‘ఆ’గా వినిపించి అలాగే స్థిరపడింది. సారీ కూడా అంతే. కెనడాలో అది ‘సోరీ’కి దగ్గరగా వినిపిస్తుంది. అమెరికాలో మన చీరను పిలిచే మాటా ఇదీ ఇంచుమించు ఒకేలా పలుకుతారు. మీరు సారీ అని పలికితే ఎక్కడా ఎవరికీ అర్థం కాకపోదు.

ఇక అసలు విషయం. మనం సారీకి సమానంగా పెట్టుకున్న ‘క్షమించండి’ క్రియ. అది ఎదుటివాళ్ళను ఒక పని చేయమని అడుగుతుంది. క్షమ అంటే ఓర్పు. అన్నీ ఓర్చుకుంటుంది కాబట్టి భూమికి కూడా క్షమ అని పేరు, ‘క్షమయా ధరిత్రీ’ అన్నది అందుకే. ‘మన్నించండి’లోనూ అడగడమే ఉంది. మన్నన అంటే గౌరవం, ఆదరం. నా తప్పుతో సహా నన్ను ఆదరించమని వేడుకోవడం. సారీలో ఈ వేడుకోలు లేదు. అది విశేషణం, మాట్లాడేవాళ్ళ మనసు ఎలా ఉందో చెబుతుంది, అంతే. ‘ఐ యామ్ సారీ’కి మాటకు మాట చెప్పుకుంటే ‘నాకు నొప్పిగా ఉంది’ అని. ఆ నొప్పి నా వల్ల మీకు జరిగిన నష్టం గురించి కావచ్చు, ఎవరి ప్రమేయమూ లేకుండా మీకొచ్చిన కష్టం గురించీ కావచ్చు. మాట రెండింటికీ ఒకటే.

తెలుగులో ఇలా రెండు చోట్లా పనికొచ్చే మాట ఒకటుంది, ‘అయ్యో’. బస్సులో మీ చేతిలో సీసా జారి పక్కావిడ చీర తడిసిందనుకోండి. ముందు నోట వచ్చేది ‘అయ్యో’, ఆ తర్వాతే ‘ఏమనుకోకండి’. అదే ఆవిడ తన తల్లి పోయిందని చెప్పినా మీ నోట వచ్చేది ‘అయ్యో’నే. మొదటి అయ్యోలో మీ తప్పుంది, రెండోదాంట్లో లేదు. మొదటిచోట తప్పు ఒప్పుకుంటున్నది మీరు తర్వాత చేర్చిన మాటే, అయ్యో కాదు. సారీ అచ్చంగా ఇలాంటిదే. (మన అయ్యో 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువులో కూడా చేరింది.) కాబట్టి మీ నాన్నగారితో, ‘నేను రాసింది క్షమించమని కాదు నాన్నా, అయ్యో అని’ అంటే సరిపోతుంది.

మొదట్లో సారీ అంటే దుఃఖంలో ఉన్న మనిషి, అంతే. తర్వాత చూస్తేనే బాధ కలిగించే వస్తువుకూ ఆ మాట వాడారు. ‘సారీ స్టేట్’ అంటే దీనావస్థ, ‘సారీ సైట్’ అంటే చూడలేని దృశ్యం. ‘ఐ యామ్’ లేకుండా ఒట్టి ‘సారీ’ అనేసి ఊరుకునే వాడుక 19వ శతాబ్దంలో వచ్చింది. ‘బెటర్ సేఫ్ దాన్ సారీ’ అనే సామెతలో అది చింత, తర్వాత వగచేకన్నా ముందే జాగ్రత్తపడడం మేలని. ‘యూ విల్ బీ సారీ’ అని ఎవరైనా గట్టిగా అంటే అది బెదిరింపు, ‘నువ్వే ఏడుస్తావు’ అని.

ఇక్కడొక మెళకువ గుర్తుపెట్టుకోండి. సారీ ‘ఈజ్, యామ్, ఆర్’ తర్వాత వస్తే మనసులోని బాధ. నామవాచకానికి ముందు వస్తే ‘దిక్కుమాలిన, పనికిమాలిన’ అన్న అర్థం. ‘ద మ్యాన్ ఈజ్ సారీ’ అంటే అతను బాధపడుతున్నాడు. ‘ఎ సారీ మ్యాన్’ అంటే జాలిపడదగ్గ స్థితిలో ఉన్న మనిషి. మనం తెలుగులో అలవాటుగా అనే ‘సారీ లెటర్’ను అలాగే ఇంగ్లిష్ మెయిల్లో పెడితే నాసిరకం ఉత్తరం అనే అర్థం తొంగిచూస్తుంది. అక్కడ ‘లెటర్ ఆఫ్ అపాలజీ’ అనాలి.

మీ ఎర్రగీత దగ్గరికి వద్దాం. ‘సారీ ఫర్ లేట్’ తెలుగువాళ్ళు చాలామంది రాస్తారు, దానికి కారణం మన తెలుగులోనే ఉంది. మనకు లేటు నామవాచకం. ‘గంట లేటు’, ‘లేటు చేశాడు’, ‘లేటుకి ఫైన్ కట్టాడు’. ఇంగ్లిష్‌లో లేట్ విశేషణం. ఫర్ తర్వాత వస్తువు పేరో పని పేరో ఉండాలి, విశేషణం ఒక్కటే నిలబడదు. కాబట్టి ‘సారీ ఫర్ బీయింగ్ లేట్’ అనండి. మెయిల్ అయితే ‘సారీ ఫర్ ద లేట్ రిప్లై’, లేదంటే ‘సారీ ఫర్ ద డిలే’. మీటింగ్ గదిలోకి ఆలస్యంగా అడుగుపెడుతూ అనాల్సింది వీటన్నిటికన్నా తేలిక, ‘సారీ, ఐ యామ్ లేట్’.

ఫర్, టు, అబౌట్‌లలో ఎప్పుడు ఏది అన్నది కాలాన్ని బట్టి తేలుతుంది. ఇప్పుడు చేస్తున్న పనికీ చేయబోతున్న పనికీ టు. తలుపు కొట్టి లోపలికి తొంగిచూస్తూ ‘సారీ టు డిస్టర్బ్ యూ’. పని ముగించుకుని వెళ్తూ అయితే ‘సారీ ఫర్ డిస్టర్బింగ్ యూ’, అంటే అయిపోయిన పనికి ఫర్, ఆ క్రియ చివర ‘ఇంగ్’. ఒక పరిస్థితి గురించి, ముఖ్యంగా చిన్నాచితకా ఇబ్బందుల గురించి చెప్పాలంటే అబౌట్. కాల్‌లో ఉండగా వీధిలో బ్యాండుమేళం వెళ్తుంటే ‘సారీ అబౌట్ ద నాయిస్’. కష్టం కబురు విన్నప్పుడు ‘సారీ టు హియర్ దట్’.

ఫర్ తర్వాత మనిషి పేరు వచ్చిందంటే మాత్రం అర్థం మారిపోతుంది, అది జాలి. మేనేజర్‌కు క్షమాపణ చెప్పాననుకుని ‘ఐ యామ్ సారీ ఫర్ మై మేనేజర్’ అంటే ‘మా మేనేజర్‌ని చూస్తే జాలేస్తోంది’ అన్నట్టు. ‘ఐ యామ్ సారీ టు హిమ్’ అన్న వాక్యమే లేదు. ‘ఐ సెడ్ సారీ టు హిమ్’ లేదా ‘ఐ అపాలజైజ్డ్ టు హిమ్’ ఉన్నాయి. ఇంకో తెలుగు తప్పు ‘హీ ఆస్క్‌డ్ సారీ’. క్షమాపణ అడగడం మన నుడికారం కాబట్టి సారీని కూడా అడిగేస్తాం. ఇంగ్లిష్‌లో సారీ తన బాధ చెప్పే మాటే కాబట్టి దాన్ని చెప్పవచ్చు గానీ అడగలేం. అడగగలిగినవి ‘ఫర్‌గివ్‌నెస్’, ‘పార్డన్’.

పార్డన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. దాని లాటిన్ మూలంలో ‘పెర్’ అంటే పూర్తిగా, ‘దోనారె’ అంటే ఇవ్వడం. ఆ దోనారె, మన సంస్కృత దానం ఒకే మూలం నుంచి పుట్టాయి. పార్డన్ అడగడమంటే దానం అడగడమే, కాబట్టి క్షమించండికి దగ్గరగా ఉన్నది పార్డన్ గానీ సారీ కాదు. ‘ఎక్స్‌క్యూజ్’ కూడా లాటినే, ‘కౌజా’ అంటే అభియోగం, దాని నుంచి బయటపడేయమని. వాడుకలో ఎక్స్‌క్యూజ్ మీ, సారీ ఎక్కడ విడిపోతాయంటే, ఇబ్బంది పెట్టబోయే ముందు ఎక్స్‌క్యూజ్ మీ, పెట్టేశాక సారీ. లిఫ్ట్‌లో జనం మధ్య నుంచి దారి కావాలంటే ఎక్స్‌క్యూజ్ మీ, ఎవరి కాలైనా తొక్కితే సారీ. తుమ్మినా దగ్గినా ఎక్స్‌క్యూజ్ మీ. ఇంగ్లండ్‌లో ఈ గీత కొంచెం చెరిగిపోయి ఉంటుంది, దారి అడగడానికీ సారీ అంటారు, తమ కాలు తొక్కినవాళ్ళకు కూడా తొక్కించుకున్నవాళ్ళే సారీ చెబుతారు. అక్కడ అది మర్యాదకు చేసే సవ్వడి లాంటిది, నేరం ఒప్పుకున్నట్టు తీసుకోకండి. మనకు పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే వాళ్ళను చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం. వాళ్ళకు ఆ సైగ లేదు, ఆ పనంతా సారీనే చేస్తుంది.

ఫోన్ కాల్‌లో మీకు అడుగడుగునా పనికొచ్చేది ప్రశ్నార్థకం సారీ. మాట వినబడనప్పుడు చివర స్వరం పైకెత్తి ‘సారీ?’ అంటే ‘ఆఁ, ఏమన్నారు?’ అని. స్వరం కిందికి దించితే క్షమాపణ అయిపోతుంది, అవతలి మనిషి చెప్పిందే మళ్ళీ చెప్పకుండా ‘నో ప్రాబ్లమ్’ అనేసి ముందుకెళ్ళిపోతాడు. కాల్‌లో సగం ముక్కలు అలా పోతాయి. లైను బాగా లేకపోతే ఒట్టి సారీ మీద ఆధారపడకుండా ‘సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?’ అని పూర్తిగా అనండి.

సారీ పెద్దదా, అపాలజీ పెద్దదా అన్నారు. అపాలజీ మూలం గ్రీకులో ‘అపోలోగియా’, అంటే న్యాయస్థానంలో తన తరఫున చేసుకునే వాదన. క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో విచారణ ఎదుర్కొన్న సోక్రటీసు ప్రసంగానికి ప్లేటో పెట్టిన పేరు అదే. అందులో సోక్రటీసు ఎక్కడా క్షమాపణ చెప్పడు. ఆ వాదన అర్థం ఇంగ్లిష్‌లో నెమ్మదిగా తిరగబడి తప్పొప్పుకోలు అయింది. ఇప్పుడు ‘ఐ అపాలజైజ్’ అన్న క్షణమే ఒక పని జరిగిపోయినట్టు లెక్క, బాధ్యత నాదేనని నమోదయినట్టు. సారీ మనసు సంగతి, అపాలజీ బాధ్యత సంగతి. అందుకే కంపెనీ తరఫున, రాతపూర్వకంగా అయితే అపాలజీ బరువు. మనిషికి మనిషి చెప్పేటప్పుడు మాత్రం సారీయే బరువు, ఇంట్లో మనిషితో ‘మై అపాలజీస్’ అంటే ముభావంగా ఉంటుంది. ఒకదాన్ని పెద్దదనీ ఇంకోదాన్ని చిన్నదనీ అనలేం.

ఈ తేడా మీద దేశాలే పట్టుబట్టి కూర్చున్నాయి. 2001 ఏప్రిల్ 1న అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధ విమానం హైనాన్ దీవి దగ్గర ఆకాశంలో ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వీ మరణించారు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండా హైనాన్‌లో దిగింది, అందులోని 24 మందిని చైనా పట్టి ఉంచింది. క్షమాపణ చెబితేనే వదులుతామంది చైనా, తప్పు మాది కాదంది అమెరికా. చివరికి ఏప్రిల్ 11న అమెరికా రాయబారి ఇచ్చిన ఉత్తరంలో ‘వెరీ సారీ’ రెండుసార్లు పెట్టారు, పైలట్ మరణానికి ఒకటి, అనుమతి లేకుండా దిగినందుకు ఒకటి. అపాలజీ అన్న మాట లేదు. తాము క్షమాపణ చెప్పలేదని అమెరికా తన ప్రజలకు చెప్పుకుంది, చైనాలో దాన్ని క్షమాపణగానే తీసుకున్నారు. సిబ్బంది విడుదలయ్యారు. నొప్పి చెప్పే మాటకు రెండు వైపులా తలుపులుండడం వల్లే ఆ రాజీ కుదిరింది.

ఆస్ట్రేలియాలో దీనికి ఎదురు కథ జరిగింది. ఆదివాసుల పిల్లలను కుటుంబాల నుంచి లాక్కెళ్ళిన దశాబ్దాల చరిత్రకు ప్రభుత్వం సారీ చెప్పాలని ప్రజలు అడిగారు. 1998 నుంచి మే 26ను ‘సారీ డే’గా జరుపుకోవడం మొదలైంది. 1999లో ప్రధాని జాన్ హోవర్డ్ పార్లమెంటులో ‘డీప్ అండ్ సిన్సియర్ రిగ్రెట్’ వరకు వచ్చారు గానీ సారీ అనలేదు. 2000 మే 28న సిడ్నీ వంతెన మీద లక్షల మంది నడుస్తుంటే పైన ఒక విమానం పొగతో ఆకాశంలో ఆ ఒక్క మాటే రాసింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి సారీ అన్నారు. అక్కడి ఆదివాసుల ఇంగ్లిష్‌లో చావు ఇంటి క్రతువును, సంతాప దినాలను ‘సారీ బిజినెస్’ అంటారు. సారిగ్ కాలపు అర్థం వాళ్ళ వాడుకలో ఇంకా సజీవంగా ఉంది. వాళ్ళకు రిగ్రెట్ చాలకపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

రిగ్రెట్ అంటే విచారం. మనకు దీని రుచి బాగా తెలుసు. జలియన్‌వాలాబాగ్ మారణకాండకు నూరేళ్ళు నిండడానికి మూడు రోజుల ముందు, 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరిసా మే ‘డీప్లీ రిగ్రెట్’ అన్నారు, అపాలజీ అనలేదు. అంతకన్నా దగ్గర్లో వినాలంటే రైల్వే స్టేషన్‌కు వెళ్ళండి. రైలు రెండు గంటలు ఆలస్యమైనా ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అంటారే తప్ప క్షమించమని అడగరు. ఇంగ్లిష్ ప్రకటనలో ఎవరు చింతిస్తున్నారో కూడా ఉండదు, అసౌకర్యం ‘ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్’ అంతే. మీ మెయిళ్ళలో ఈ వాక్యం ఎప్పుడూ వాడకండి. మనిషి లేని విచారం చదివేవాళ్ళకు ఒళ్ళు మండిస్తుంది.

విదేశాల్లో కారు నడిపే మన పిల్లలకు కూడా ఈ తేడా తెలిసి ఉండాలి. ప్రమాదం జరగగానే అలవాటుగా ‘ఐ యామ్ సారీ, ఐ యామ్ సో సారీ’ అనేస్తే, అది తప్పు ఒప్పుకున్నట్టని తర్వాత అవతలివాళ్ళు వాదించే వీలుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2006లో, అంటారియో 2009లో దీని కోసమే చట్టాలు చేశాయి, వాటి ప్రకారం క్షమాపణ చెప్పినంత మాత్రాన అది సివిల్ దావాలో తప్పు ఒప్పుకున్నట్టు కాదు. అమెరికాలో ఈ రక్షణ రాష్ట్రానికో రకంగా ఉంటుంది, కొన్నిచోట్ల వైద్యుల మాటలకే పరిమితం. అందుకని అక్కడ మొదట అడగాల్సింది ‘ఆర్ యూ ఓకే?’. మనిషి మీద శ్రద్ధ అందులోనూ ఉంది.

ఇక మీ మెయిళ్ళు. సారీలు ఎక్కువైతే ఏమవుతుందంటే, నిజంగా తప్పు జరిగిన రోజున మీ దగ్గర చెప్పడానికి మాట మిగలదు. ఒక మెయిల్‌కు ఒక్క సారీ, అదీ మొదటి వాక్యంలోనే. రాసేముందు రెండు విషయాలు చూసుకోండి. అవతలివాళ్ళ సమయమో డబ్బో పనో నిజంగా పోయిందా? అది మీ వల్ల పోయిందా? రెండూ అవునంటేనే రాయండి. సందేహం అడగడానికి సారీ అక్కర్లేదు, ‘సారీ, ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’లో మొదటి మాట తీసేయండి. గుర్తు చేయడానికీ అక్కర్లేదు. వాళ్ళు మీ కోసం కాస్త ఆగితే ‘థ్యాంక్యూ ఫర్ వెయిటింగ్’ చాలు. కానీ సారీ చెప్పాల్సిన చోట కూడా థ్యాంక్స్‌తో సరిపెట్టమని ఈమధ్య కొందరు సలహా ఇస్తున్నారు, అది వినకండి. మీరు పంపిన తప్పుడు లెక్కల వల్ల ఒకరు రాత్రంతా కూర్చుంటే ‘థ్యాంక్యూ ఫర్ యువర్ పేషెన్స్’ అనడం పుండు మీద కారమే.

నిజంగా తప్పు జరిగినప్పుడు నాలుగు విషయాలు పడాలి. ఏం జరిగింది, ఎవరి వల్ల, దానివల్ల వాళ్ళకేమైంది, ఇప్పుడు ఏం చేశారు. ఇలా: ‘ఐ యామ్ సారీ. ద రిపోర్ట్ ఐ సెంట్ ఆన్ మండే హ్యాడ్ ద రాంగ్ ఫిగర్స్ ఫర్ మార్చ్. దిస్ వాజ్ మై మిస్టేక్, అండ్ ఇట్ కాస్ట్ యువర్ టీమ్ ఎ డేస్ వర్క్. ద కరెక్టెడ్ ఫైల్ ఈజ్ అటాచ్‌డ్. ఫ్రమ్ దిస్ వీక్, ఎ కలీగ్ విల్ చెక్ ద టోటల్స్ బిఫోర్ ఐ సెండ్ దెమ్.’ అయిదు చిన్న వాక్యాలు. ఇందులో ‘వెరీ’ లేదు, ‘ఎక్స్‌ట్రీమ్‌లీ’ లేదు. మన వాళ్ళు ‘ఎక్స్‌ట్రీమ్‌లీ సారీ’ని ఇష్టంగా వాడతారు, తప్పు చిన్నదై మాట పెద్దదైతే నమ్మకం తగ్గుతుంది.

దీన్ని చెడగొట్టేవి రెండు చిన్న మాటలు, ‘ఇఫ్’, ‘బట్’. ‘సారీ ఇఫ్ దేర్ వాజ్ ఎనీ మిస్టేక్’ అంటే తప్పు జరిగిందో లేదో నాకింకా అనుమానమే అని. ‘సారీ, బట్ ద డేటా కేమ్ లేట్’ అంటే సారీని వెనక్కి తీసుకున్నట్టు. ఆలస్యానికి నిజంగా వేరే కారణముంటే అది విడిగా, తర్వాతి పేరాలో రాయండి. ‘సారీ యూ ఫీల్ దట్ వే’ అసలు క్షమాపణే కాదు, ‘నీకలా అనిపించడం నీ సమస్య’ అని దెప్పడం. ‘ఐ యామ్ సారీ, బట్ వీ కెనాట్ డూ దిస్ బై ఫ్రైడే’ లాంటి వాక్యంలో మాత్రం బట్ ఉండొచ్చు, అక్కడ సారీ పని కాదనడాన్ని మెత్తబరచడమే.

మీకు ఎవరైనా సారీ చెబితే ఏమనాలి? చిన్నవాటికి ‘నో వర్రీస్’, ‘దట్స్ ఆల్‌రైట్’, మన ‘పర్లేదు’ లాగే. పెద్ద తప్పుకు ‘పర్లేదు’ అనాలనిపించకపోతే అనక్కర్లేదు, ‘థ్యాంక్యూ ఫర్ సేయింగ్ దట్’ అంటే విన్నానని తెలుస్తుంది, ఒప్పుకున్నట్టు కాదు. మీ ఇంట్లో కష్టం వచ్చి వాళ్ళు ‘సారీ’ అంటే జవాబు ‘థ్యాంక్యూ’. ‘ఇట్స్ ఓకే’ అంటే తప్పేమీ కాదు గానీ, వాళ్ళు తప్పు చేసినట్టు మీరు మాఫ్ చేసినట్టు కొంచెం ధ్వనిస్తుంది.

సంతాపం విషయంలో ఒక్క జాగ్రత్త. ‘ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్’ సరైనది. అందులోంచి లాస్ తీసేసి ‘ఐ ఫీల్ సారీ ఫర్ యూ’ అంటే నిన్ను చూస్తే జాలేస్తోంది అన్నట్టవుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు పైనుంచి పడే జాలి నచ్చదు. మీరు ఒట్టి ‘ఐ యామ్ సారీ’ అని రాశారు, అందులో లోపం లేదు. ‘ఐ యామ్ సో సారీ టు హియర్ అబౌట్ యువర్ మదర్’ అని ఉంటే ఇంకా బాగుండేది, ఎవరి గురించి బాధపడుతున్నారో పేరెత్తినట్టుండేది.

అతను తిరిగొచ్చాక మీరు పంపాల్సింది ఇంతే: ‘వెల్‌కమ్ బ్యాక్. ఐ వాజ్ సో సారీ టు హియర్ అబౌట్ యువర్ మదర్. ద రిలీజ్ ఈజ్ ఆన్ ట్రాక్, అండ్ నథింగ్ నీడ్స్ యువర్ అటెన్షన్ బిఫోర్ థర్స్‌డే.’ రిలీజ్, గురువారం బదులు మీ పనికి తగ్గ వివరాలు పెట్టుకోండి. ఇక్కడ ‘యామ్’ కాకుండా ‘వాజ్’ ఎందుకంటే కబురు విన్నది రెండు వారాల కిందట. ఆవిడ వయసెంత, ఏమయింది అని మనం పలకరింపుల్లో అడిగినట్టు మెయిల్లో అడగకండి, అతనే చెబితే వినండి. మొదటి రోజే పని జాబితా పెట్టకుండా, వెంటనే చూడాల్సిందేమీ లేదని చెప్పే ఆ మూడో వాక్యం తప్పకుండా ఉంచండి. అతను ‘థ్యాంక్యూ’ అని తిరిగి రాస్తే దానికి మళ్ళీ జవాబు అక్కర్లేదు.